జ్ఞానం అమ్ముకునేవాడు వర్తకుడేనా? మాళవికాగ్నిమిత్రం శ్లోకంపై చర్చ

లెక్చరర్‌గిరి:
ప్రతి సెప్టెంబరు 5కీ మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఈ ముక్క దిగుతుంది: "యస్యాగమః కేవలజీవికాయై తం జ్ఞానపణ్యం వణిజం వదంతి". చదువు పొట్టకూటికే వాడుకునేవాణ్ణి జ్ఞానం అమ్ముకునే వర్తకుడంటారని భావం. కాళిదాసు మాళవికాగ్నిమిత్రం, మొదటి అంకం. పంపేది ఎవరయ్యా అంటే ఒకటో తారీఖున జీతం పడేవాళ్లు. చదివి నోరు మూసుకోవాల్సింది మా గెస్ట్ ఫ్యాకల్టీ. పాత నాటకాలు చదువుల గురించి చెప్పేది ఇలాంటి నీతులే అయితే వాటిని ఇక అటకెక్కించొచ్చని నా వాదన. కాదనేవాళ్లు రండి.

సంస్కృతం మేష్టారు:
అటకెక్కించే ముందు శ్లోకం మొదటి సగం కూడా చదవండి నాయనా. దాన్నెవరూ ఫార్వర్డ్ చెయ్యరు. "లబ్ధాస్పదోఽస్మీతి వివాదభీరోస్తితిక్షమాణస్య పరేణ నిందాం". ఉద్యోగం దొరికింది కదా అని వాదానికి జంకేవాడు, ఎదుటివాడు నిందిస్తున్నా దులిపేసుకుని పోయేవాడు అని. వర్తకుడని తిట్టింది వాణ్ణి. జీతం పుచ్చుకోవడం తప్పని అక్కడ లేదు. ఆ మాటన్న గణదాసు కూడా అగ్నిమిత్రుడి కొలువులో జీతం మీద ఉన్న నాట్యాచార్యుడే.

గ్రీన్‌రూమ్:
మేష్టారూ, సగం శ్లోకం ఎంత ప్రమాదమో సందర్భం లేని శ్లోకమూ అంతే. గణదాసు, హరదత్తుడు అనే ఇద్దరు ఆచార్యులు రాజు దగ్గరికి పంచాయితీకొస్తారు. ఆయన నా కాలిధూళికి కూడా సాటిరాడన్నాడని ఒకరి ఫిర్యాదు. మా ఇద్దరికీ సముద్రానికీ మడుగుకీ ఉన్నంత తేడా ఉందన్నాడని రెండోవారి ఫిర్యాదు. ఈ తగువు రాజేసిందెవరు? విదూషకుడు గౌతముడు. ఎందుకు? రాజు మనసుపడ్డ పరిచారిక మాళవికను రాణి ధారిణి ఆయన కంట పడనివ్వడం లేదు. ఆమె గణదాసు శిష్యురాలు కాబట్టి, పోటీ పెడితే ఆమె రంగం మీదికి రాక తప్పదు. రాణికి అనుమానం వచ్చి ఆపబోతుంది. అప్పుడు విదూషకుడు గణదాసును గిల్లుతాడు: సరస్వతికి పెట్టిన మోదకాలు తింటూ సుఖంగా ఉన్నావు, ఇట్టే ఓడిపోయే తగువు నీకెందుకయ్యా అని. ఆ రోషంలో వచ్చిన శ్లోకం ఇది. అంతకు ముందు అదే విదూషకుడు ఏమన్నాడో తెలుసా? పొట్టేళ్ల కుమ్ములాట చూద్దాం, వీళ్లకు ఊరికే జీతాలివ్వడమెందుకు అన్నాడు. పండితుడి ఆత్మగౌరవాన్ని పైవాళ్లు తమ అవసరానికి ఎంత తేలిగ్గా వాడుకుంటారో ఇంతకన్నా బాగా చూపించిన సీను నేను చదవలేదు.

లెక్చరర్‌గిరి:
అయితే నేనన్నదే నిజమైంది కదా! రోషపడినవాడి మాటను నీతిగా మా మీద రుద్దుతున్నారు.

థీసిస్ మూడో అధ్యాయం:
హరదత్తుడి గురించి ఎవరూ మాట్లాడరేం? గణదాసు పెద్దవాడని ముందు అవకాశం ఆయనకిచ్చారు. మాళవిక నాట్యం అయింది, అందరూ మెచ్చుకున్నారు. ఇక నా ప్రయోగం చూడండి మహారాజా అని హరదత్తుడు అడిగితే, చూడాల్సింది చూసేశానని రాజు తనలో తాను అనుకుంటాడు. పైకి మాత్రం ఎంతో ఆసక్తి ఒలకబోస్తాడు. ఇంతలో మధ్యాహ్నమైందని వైతాళికులు పాడటం, భోజనం వేళ దాటకూడదని విదూషకుడు తొందరపెట్టడం, హరదత్తుడికి "రేపు చూద్దాం" అని చెప్పెయ్యడం. నా ప్రీ-సబ్మిషన్ సెమినార్ గుర్తొచ్చింది. ముందు మాట్లాడిన సీనియర్‌కి గంటన్నర, నాకు పన్నెండు నిమిషాలు, పక్క గదిలోంచి బిర్యానీ వాసన. రెండేళ్లు గుండెలు అరచేతిలో పెట్టుకుని రాసింది నేను. కాబట్టి నీతులన్నీ పక్కన పెట్టినా ఈ నాటకం నాకు పనికొస్తుంది గురువుగారూ.

సంస్కృతం మేష్టారు:
ఆ బాధ నిజమే అమ్మా. కానీ కుట్ర చుట్టూ ఉన్నా మంచి మాట మంచిదే. న్యాయనిర్ణేతగా కూర్చున్న పరివ్రాజిక, అంటే సన్యాసిని, ఏమంటుంది? కొందరికి విద్య తమలో బాగా కుదురుతుంది, కొందరికి దాన్ని ఇంకొకరిలోకి దించడం బాగా వస్తుంది, రెండూ ఉన్నవాణ్ణే గురువులందరిలో ముందు నిలపాలి అంటుంది. మన ప్రమోషన్ ఫారాల్లో పేపర్ల లెక్కకి గళ్లున్నాయి. రెండోదానికి గడి ఎక్కడుంది?

గ్రీన్‌రూమ్:
మాట గొప్పదే. కానీ అవయవ సౌష్ఠవం తెలియాలి, వేషభూషలు తగ్గించి రమ్మనండి అని చెప్పిందీ ఆవిడే! రాజుకు కావలసింది సరిగ్గా అదే. మూడో అంకం మొదట్లో ఇద్దరు చెలికత్తెలు చెప్పుకుంటారు చూడండి: ఇద్దరూ శాస్త్రం తెలిసినవాళ్లే, ప్రయోగంలో దిట్టలే, కానీ శిష్యురాలి గుణం వల్ల గణదాసుది పైచెయ్యి అయిందట. ర్యాంకు కొట్టే పిల్లల్నే ఏరి చేర్చుకుని, ఫలితాలు మా బోధన గొప్పే అని హోర్డింగులు పెట్టే పద్ధతి మనకు తెలియనిదా?

విజీనారం:
పరీక్ష పెట్టేవాళ్ల సంగతి మాట్లాడాలంటే కన్యాశుల్కానికి రావాలండీ. గురజాడవారు 1897లోనే అచ్చేసిపెట్టారు. పరీక్ష తప్పిన వెంకటేశాన్ని వెంటబెట్టుకుని గిరీశం అగ్నిహోత్రావధాన్లు ఇంటికొస్తాడు. ఓ మాటు ఇంగ్లీషు మాట్లాడండి బాబూ అంటుంది వెంకమ్మ. గిరీశం "ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్" అందుకుంటాడు. వెంకటేశం ట్రెపీజియం భుజాల సిద్ధాంతం అప్పజెబుతాడు, ఆ తర్వాత ఎఫ్‌తో ముగిసే నామవాచకాలకి బహువచన సూత్రం. తల్లి పొంగిపోతుంది. పరివ్రాజిక రాజుతో పరాచికంగా, పట్నం ఉండగా రత్నపరీక్ష పల్లెలోనా అంటుంది కదా, అవధాన్లు ఇంట్లో అది నిజంగానే జరిగింది.

సంస్కృతం మేష్టారు:
ఆ ఇంటివాళ్లను అంత తీసిపారెయ్యకండి. ఆ మాటలకర్థం ఏమిటని అవధాన్లు అడిగారు.

లెక్చరర్‌గిరి:
అడిగారు సరే, సెలవుల్లో ఎలా చదవాలో మాట్లాడుకుంటున్నామని గిరీశం ఇంకో కోత కోశాడు. అడిగితే చాలదు మేష్టారూ, జవాబు సరిచూసుకునే చదువుండాలి. ఆ చదువు చెప్పేవాడికి నెలనెలా జీతమూ పడాలి.