స్ట్రాటజిక్ ఫ్లెక్సిబిలిటీకి 'వ్యూహాత్మక సౌలభ్యం' అనొచ్చా?

నిన్న నారాయణగూడలో ఒక ప్రెస్సులో ఎంబీఏ పాఠాల ప్రూఫులు దిద్దుతుంటే 'వ్యూహాత్మక సౌలభ్యం' తగిలింది. సౌలభ్యం అంటే పని సులువవడం కదా, నాకైతే 'లిఫ్టు సౌకర్యం కలదు' బోర్డు గుర్తొచ్చింది. కొట్టేశాను గానీ దాని చోట ఏం రాయాలో తోచలేదు.

సంగతి ఏమిటంటే, మార్కెట్టో టెక్నాలజీయో మారినప్పుడు కంపెనీ తన మనుషుల్ని, డబ్బుని, యంత్రాల్ని మరో పనికి మళ్ళించుకోగలగాలి. మేనేజ్‌మెంట్ పరిశోధకుడు రాన్ శాంచెజ్ 1995లో దీన్ని రెండుగా విడదీశాడు: ఉన్న వనరు ఎన్ని పనులకు పనికొస్తుంది, దాన్ని అలా మళ్ళించే నేర్పు సంస్థకు ఉందా అని. మన ఫంక్షన్ హాలే తీసుకోండి. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, చీరల ఎగ్జిబిషన్‌కి ఇచ్చుకోవచ్చు. కానీ కుర్చీలు నేలకు బిగించేసి ఉంటే? కుర్చీలు తీసే వీలున్నా, ఊళ్ళో లేని ఓనరు ఫోనెత్తితే తప్ప మేనేజరు బుకింగ్ తీసుకోలేకపోతే?

'వెసులుబాటు' రాద్దామనుకున్నా. పేపర్లలో అది ఎప్పుడూ పైవాళ్ళు ఇచ్చేదే, పన్ను గడువు పెంచితే వెసులుబాటు అంటారు. ఇది ఎవరూ ఇవ్వరు, ముందే మనం ఏర్పాటు చేసుకోవాలి. 'స్థితిస్థాపకత' అసలే వద్దు, ఫిజిక్సులో అది లాగి వదిలితే పాత ఆకారానికి వచ్చే గుణం, ఇక్కడ పాత ఆకారానికి రావడం కాదు కావలసింది. 'నమ్యత' అంటే వంగే గుణం, అర్థానికి సరిపోతుంది గానీ సగంమంది నమ్మకం అనుకుంటారు. 'పట్టువిడుపు' ఎలా ఉంటుందంటారు?

— పట్టువిడుపు బేరాల దగ్గర, తగవుల దగ్గర వాడే మాటండీ. ఇద్దరుంటేనే పట్టూ విడుపూ. పైగా పట్టాక విడవడం కన్నా చావు మేలన్న వేమన పద్యం చదువుకున్న వాళ్ళం, విడుపు అనగానే ఓడిపోయినట్టే వినిపిస్తుంది.

— మేడం చెప్పిందే నా మాట కూడా. ఫ్యూజీఫిల్మ్‌ని చూడండి సార్. ఫొటో ఫిల్ము అమ్మకాలు పడిపోతుంటే, ఫిల్ము తయారీలో కొల్లాజెన్ (మన చర్మంలోనూ ఉండే ప్రొటీను) మీద వచ్చిన పట్టుతో 2007లో ఆస్టాలిఫ్ట్ అని ముఖానికి రాసుకునే క్రీములు తెచ్చింది. కెమిస్ట్రీని విడవలేదు, ఇంకోచోట వాడుకుంది. కొడాక్‌లో డిజిటల్ కెమెరా 1975లోనే తయారైంది, అయినా 2012లో దివాలా పిటిషన్ వేసుకుంది. దాని దగ్గర లేనిది వనరు కాదు.

— అవును, మీ ఫంక్షన్ హాలు ఓనరు ఫోనెత్తలేదు 😄

— సరే, ఒప్పుకున్నా. 'వ్యూహం మార్చుకునే వీలు' అని దిద్దాను. 'మార్చుకునే' అనేసరికి ఆ పని ఎవరిదో తెలిసిపోతుంది, సంస్కృత సమాసంలో అది ఎక్కడో దాక్కుంటుంది. పాఠంలో చక్కగా కుదిరింది. చిక్కల్లా ఐదో పేజీలో పట్టికతోనే, గడిలో రెండు మాటలకు మించి పట్టవు. అక్కడ ఏం పెట్టను?

— గడి వెడల్పు చేయించండి గురువుగారూ, డీటీపీ అబ్బాయి పక్కనే ఉన్నాడుగా.