గోలివాగ్ బొమ్మలు షాపుల్లో అమ్మడం సబబేనా?

చర్చాంశం:
బొగ్గులా నల్లటి ముఖం, గుండ్రటి తెల్ల కళ్లు, పెద్ద ఎర్ర పెదాలు, ఉన్ని జుట్టు, కోటు, బో టై. ఇదీ గోలివాగ్ గుడ్డబొమ్మ. బ్రిటన్‌లో కొన్ని తరాల పిల్లలు దీంతో ఆడుకున్నారు. నల్లజాతివారిని అవమానించే బొమ్మ అని చాలా షాపులు తీసేశాయి, కొన్ని ఇంకా అమ్ముతున్నాయి. అక్కడ వీటి అమ్మకాన్ని నిషేధించే చట్టమేదీ లేదు. మరి అమ్మవచ్చంటారా?

మొదటి జవాబు:
అమ్మనివ్వండి. 1895లో ఫ్లోరెన్స్ అప్టన్ బొమ్మలు గీసిన పిల్లల పుస్తకంలో పుట్టిన పాత్ర ఇది. అందులో గోలివాగ్ మంచివాడు. పక్కలో పెట్టుకుని పడుకున్న పిల్లలందరికీ జాతి ద్వేషం ఉన్నట్టా? 2023లో ఎసెక్స్‌లో ఒక పబ్బులో పెట్టుకున్న బొమ్మల్ని పోలీసులు పట్టుకెళ్లారు. బొమ్మల మీదకి పోలీసులేంటండీ! నచ్చనివాళ్లు కొనరు, అంతే కదా.

రెండో జవాబు:
పిల్లల ప్రేమ నిజమే, అందులో నాకే అనుమానమూ లేదు. పోలీసుల విషయంలోనూ మీతో చాలావరకు ఏకీభవిస్తాను. అయినా షాపువాళ్లు వీటిని అమ్మకూడదనే అంటాను.

ముందు ఆ పుస్తకం సంగతి చూద్దాం. గోలివాగ్ కనపడగానే ఆ కథలోని ముఖ్యపాత్రలైన రెండు చెక్కబొమ్మలూ హడలిపోతాయి, మంచివాడని తర్వాతే తెలుస్తుంది. అప్టన్‌కు ఆ రూపం చిన్నప్పుడు అమెరికాలో తను ఆడుకున్న మిన్‌స్ట్రెల్ బొమ్మ నుంచి వచ్చింది. మిన్‌స్ట్రెల్ అంటే తెల్లవాళ్లు కాల్చిన బెండు మసి ముఖానికి పూసుకుని, పెదాలు పెద్దవి చేసుకుని, బానిసలుగా బతుకుతున్న మనుషుల్ని వెక్కిరిస్తూ ఆడిన ఆట. ఆ కళ్లూ ఆ పెదాలూ అక్కడివే. కాబట్టి వెక్కిరింత తర్వాతెవరో అంటగట్టింది కాదు, బొమ్మ పుట్టుకలోనే ఉంది. అప్టన్ హక్కులు తీసుకోలేదు, దాంతో ఎవరికి తోచినట్టు వాళ్లు తయారుచేశారు. రాబర్ట్‌సన్స్ జామ్ కంపెనీ 1910 నుంచి దాదాపు 90 ఏళ్లు దాన్నే గుర్తుగా వాడుకుంది. 1951లో వచ్చిన ఒక నాడీ (Noddy, ఎనిడ్ బ్లైటన్ పిల్లల కథల్లోని బొమ్మ పాత్ర) కథలో కారు దొంగిలించేది గోలివాగ్‌లే. బడిలోనూ వీధిలోనూ నల్లపిల్లల్ని ఏడిపించడానికి ఆ పేరే తిట్టుగా మారింది. అలా పిలిపించుకున్న పిల్లలకూ బాల్యం ఉంది. మనం ‘తీపి జ్ఞాపకాలు’ అన్నప్పుడల్లా వాళ్లవి లెక్కలోకి రావు. నాకు కోపం తెప్పించేది ఇదే.

‘వట్టి బొమ్మే కదా’ అనేవాళ్లకు ఒక్క సంగతి చెప్తాను. 1940ల్లో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వవేత్తలు నల్లజాతి పిల్లల ముందు ఒకే అచ్చులో పోసిన రెండు బొమ్మలు పెట్టారు. తేడా రంగులోనే. మంచి బొమ్మ ఏదంటే ఎక్కువమంది తెల్లదాన్ని చూపించారు, చెడ్డదేదంటే నల్లదాన్ని. ఆ తర్వాత, ‘ఇందులో నీలా ఉన్నదేది?’ అని అడిగారు. కొందరు పిల్లలు ఏడ్చేశారు. బడుల్లో జాతి వేర్పాటును కొట్టేసిన 1954 అమెరికా సుప్రీంకోర్టు తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. అవి మామూలు బొమ్మలు, వెక్కిరించేవి కూడా కావు!

‘నచ్చకపోతే కొనరు’ అన్నారు. కొనకపోయినా అద్దాల్లోంచి కనపడుతుంది కదండీ. 2016లో ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఒక మందుల షాపువాళ్లు ‘వైట్ క్రిస్మస్ అనుభవించండి’ (మంచు కురిసే క్రిస్మస్ అని మాట, ‘తెల్ల క్రిస్మస్’ అనీ వినిపిస్తుంది) అనే బోర్డు కింద వీటిని వరసగా పేర్చారు. మందు కోసం వచ్చిన ఆదివాసీ తల్లి ఏం చేయాలి? బిడ్డ కళ్లు మూయాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
టూవూంబా సంగతి నాకు తెలియదు, అది నిజంగా దారుణం. కానీ పాత బొమ్మలు సేకరించేవాళ్లున్నారు. వాటిని తగలబెట్టమంటారా? చరిత్రను చెరిపేసినట్టు కాదా?

రెండో జవాబు ఇచ్చినవారు:
తగలబెట్టమని ఎందుకంటాను? దాచాలి, చూపించాలి. మిషిగన్‌లో ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీలో జిమ్ క్రో మ్యూజియం ఉంది (అమెరికాలో నల్లవాళ్లను వేరుచేసి ఉంచిన చట్టాలను జిమ్ క్రో అనేవారు). ఇలాంటి జాతి ద్వేషపు వస్తువుల్ని వేలల్లో పోగుచేసి, ఎవరు చేశారో, ఎందుకు చేశారో పక్కనే రాసి మరీ చూపిస్తారు. సేకరించేవాళ్లు పాతవాటిని తమలో తాము కొనుక్కుంటే నేను అడ్డు చెప్పను. నా అభ్యంతరమల్లా నిన్న మొన్న ఫ్యాక్టరీలో కుట్టి, రిబ్బను కట్టి, టెడ్డీ బేర్ల పక్కన పిల్లలకి అమ్ముతున్నవాటి మీద. వాటిలో కాపాడాల్సిన చరిత్రేముంది? 2009లో శాండ్రింగ్‌హామ్ రాజ ఎస్టేట్ గిఫ్టు షాపులో ఇవి కనపడి గొడవైతే, తీసేసి క్షమాపణ చెప్పారు. మిగతా షాపులవాళ్లు కూడా ఆ పాటి చేయగలరు, చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.