జర్మనీలో ఏఎఫ్‌డీ ఓటు: తూర్పు సంగతా, పల్లె సంగతా?

పటాలరాయుడు:
2025 ఫిబ్రవరి 23 నాటి బుండెస్టాగ్ (జర్మనీ పార్లమెంటు) ఎన్నికల ఫలితాలను పటం మీద రంగులేస్తే పాత తూర్పు జర్మనీ సరిహద్దు అచ్చంగా బయటపడుతోంది. దేశం మొత్తమ్మీద తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీకి 20.8 శాతం, తూర్పు రాష్ట్రం థూరింగియాలో 38.6, పడమటి మహానగరం హాంబర్గ్‌లో 10.9. ఇది తూర్పు-పడమర తేడానా, పల్లె-పట్నం తేడానా? గ్రామాల వారీగా రిగ్రెషన్ (ఏ అంశం ఓటును ఎంత మారుస్తుందో తీసే గణాంక లెక్క) చేస్తే పల్లె ప్రభావం మరీ ఎక్కువ వస్తోంది. నమ్మొచ్చా?

బూత్‌లెక్క:
పోస్టల్ ఓట్లను ఏం చేశారో ముందు చెప్పండి. ఈసారి మూడోవంతు పైనే పోస్టల్. వాటిని వేరే బూత్‌లలో లెక్కిస్తారు, చిన్న గ్రామాలైతే కొన్నిటికి కలిపి ఒకటే. అంటే గ్రామం వరుసలో స్వయంగా వెళ్లి వేసినవే ఉంటాయి. ఏఎఫ్‌డీ ఓటర్లేమో పోస్టల్ వైపు తక్కువ వెళ్తారు.

ఊహకు ఒక లెక్క: బూత్‌లో 600కి 240, అంటే 40 శాతం. పోస్టల్లో 300కి 75. కలిపితే 900కి 315, 35 శాతమే. పట్నానికి పోస్టల్ దాని ఖాతాలోనే పడుతుంది కాబట్టి అక్కడ ఈ ఉబ్బు ఉండదు. మీ పల్లె ప్రభావంలో కొంత ఇదే.

రెండు దారులున్నాయి. 400 జిల్లాల స్థాయికి వెళ్లిపోవడం తేలిక. గ్రామాలే కావాలంటే ఫలితాల ఫైల్లో ఏ2 అనే నిలువు వరుస చూడండి, పోస్టల్ ఓటుకు పత్రం తీసుకున్నవాళ్ల సంఖ్య అది. ఉమ్మడి పోస్టల్ ఓట్లను ఆ నిష్పత్తిలో పంచండి. మన దగ్గర బూత్‌ల వారీ ఫలితాలిచ్చే ఫారం 20లోనూ పోస్టల్ బ్యాలెట్లు బూత్‌లకు చెందకుండా చివర్న విడిగా ఉంటాయి కదా, అదే తంటా.

సున్నాగారు:
జిల్లా కోడ్‌ను టెక్స్ట్‌గానే తెరవండి. ఎక్సెల్ ఫ్లెన్స్‌బుర్గ్ 01001ని 1001 చేసేస్తుంది, రెండు పట్టికల్ని కోడ్‌తో కలిపేటప్పుడు (జాయిన్) అది జారిపోతుంది. 2017తో పోలుస్తుంటే ఐసెనాక్ (16056) 2021లో వార్ట్‌బుర్గ్ జిల్లాలో (16063) కలిసిపోయిందని గుర్తుంచుకోండి. పాత అంకెల్ని మీరే కలపాలి.

నేలవైపు:
అసలు ప్రశ్నకొస్తే, రెండూనండీ, కానీ తూర్పుదే పైచేయి. బెర్లిన్ కాక తూర్పున 48 నియోజకవర్గాలుంటే 45లో తొలి స్థానం ఏఎఫ్‌డీ అభ్యర్థిదే. తప్పించుకున్నవి పోట్స్‌డామ్, లైప్‌జిగ్‌లో ఒకటి, ఎర్ఫుర్ట్-వైమార్: యూనివర్సిటీలున్న ఊళ్లు. పడమర వైపు గెల్సెన్‌కిర్షెన్ చూడండి. పల్లె కాదు, బొగ్గు గనులు మూతపడ్డ రూర్ పారిశ్రామిక ప్రాంతపు నగరం. అక్కడ రెండో ఓటులో (పార్టీకి వేసేది; మొదటిది అభ్యర్థికి) ఏఎఫ్‌డీదే మొదటి స్థానం, సీటు మాత్రం సోషల్ డెమోక్రాట్ల పార్టీ ఎస్‌పీడీకి దక్కింది. కాబట్టి జనసాంద్రత ఒక్కటే పెట్టుకుంటే ఈ ఊరు మీ మోడల్‌కు అందదు.

నేనైతే 1990 నుంచి జిల్లా జనాభా ఎంత తగ్గిందో మోడల్‌లో పెడతాను. తూర్పు ప్రభుత్వ సంస్థల్ని ప్రైవేటుకు అమ్మిన ట్రాయ్‌హాండ్ అనే ఏజెన్సీ చేతుల మీదుగా ఫ్యాక్టరీలు అమ్ముడై, మూతపడ్డాక యువత, ముఖ్యంగా అమ్మాయిలు, పడమరకు వెళ్లిపోయారు. ఆ జాడ ఈ అంకెలో కనిపిస్తుంది. ముసలివాళ్ల శాతం పెడితే పప్పులో కాలేసినట్టే: ముసలి జిల్లాల్లో ఏఎఫ్‌డీకి ఎక్కువ వస్తుంది గానీ, 70 దాటినవాళ్లలోనే దానికి ఓటు తక్కువ. జిల్లా అంకెను మనిషికి అంటగట్టకూడదు. విదేశీయుల శాతానికీ ఇదే జాగ్రత్త.

తూర్పు × జనసాంద్రత లబ్ధం కూడా మోడల్‌లో వేసి చూడండి, సాంద్రత ప్రభావం తూర్పున, పడమర వేరుగా ఉందేమో తెలుస్తుంది. మోడల్ అంచనాకూ అసలు ఓటుకూ మధ్య మిగిలిన తేడాలకు మోరాన్ ఐ (పక్క పక్క చోట్ల విలువలు ఎంత ఒకేలా ఉన్నాయో చెప్పే కొలత) తీయండి. అది ఇంకా గట్టిగా ధనాత్మకంగా ఉంటే పక్క పక్క జిల్లాలు ఒకేలా తప్పుతున్నాయన్నమాట, మీ స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనాల్లోని అనిశ్చితి కొలతలు) ఉండాల్సినదానికన్నా చిన్నవిగా వచ్చాయి.