పీహెచ్‌సీ నర్సుకు 24 గంటల డ్యూటీ ఉండాలా, తీసేయాలా?

నిద్రలేని సిస్టర్ (నల్గొండ జిల్లా):

మా పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సులం ముగ్గురం. ఒకరు పొద్దున తొమ్మిదింటికి డ్యూటీ ఎక్కితే మర్నాడు తొమ్మిదింటి దాకా ఆమె ఒక్కతే. తర్వాత రెండు రోజులు ఇంటి దగ్గర. నాకు తెలిసిన నర్సులు చాలామంది ఇట్లనే చేస్తున్నారు. ఇది తీసేసి షిఫ్టులు పెట్టాలని నేనంటే నా తోటివాళ్లే ఒప్పుకోవడం లేదు. అందుకే నలుగురిలో అడుగుతున్నాను. నాకెందుకు వద్దో ముందు చెప్తాను.

పోయిన వానాకాలం, ఒక బుధవారం. పొద్దంతా ఓపీ, దానికి తోడు పిల్లల టీకాలు. చీకటి పడ్డాక తేలు కుట్టిన మనిషిని తెచ్చారు. పదకొండింటికి ఒక కాన్పు. అన్నీ కడిగి, రికార్డు రాసి కూర్చునేసరికి రెండు దాటింది. మూడున్నరకు ఆటోలో ఇంకొకామెను తెచ్చారు. టేబుల్ ఎక్కించేసరికే బిడ్డ తల కనిపిస్తోంది. బీపీ చూస్తే 150/100. నల్గొండకు పంపే టైమ్ లేదు.

బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లి తొడకు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇవ్వాలి, రక్తం ఎక్కువ పోకుండా. మామూలుగా సిరంజిలో ముందే లాగి పెట్టుకుంటాం. ఆ రోజు పెట్టుకోలేదు. బిడ్డ పుట్టగానే ఫ్రిజ్ తీశాను, ఆంపుల్ విరిచాను, మందు లాగి ఇటు తిరిగాను. ఆయమ్మ నా మణికట్టు పట్టుకుంది. "అమ్మా, రోజూ తెల్ల సీసా కదా. ఇది బెల్లం రంగు ఉందేంది?"

చూస్తే మెథర్జిన్. అదీ కాన్పు తర్వాత రక్తం ఆపే మందే, కానీ బీపీ పెంచుతుంది. బీపీ ఉన్న తల్లికి అది ఇవ్వకూడదని నర్సింగ్ చదివే పిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. 150/100 అని కేస్ షీటు మీద రాసింది నా చెయ్యే. పొద్దున ఐదింటికి లేచి వంట చేసి వచ్చినదాన్ని, అప్పటికి ఇరవై మూడు గంటలుగా కన్ను మూయలేదు.

తల్లీబిడ్డా బాగున్నారు. మర్నాడు నేనే వెళ్లి పైవాళ్లకు చెప్పాను, ఆ రెండు మందులూ ఒకే ట్రేలో పెట్టొద్దని. ట్రే మారలేదు గానీ "విధి నిర్వహణలో నిర్లక్ష్యం" అని నాకు మెమో వచ్చింది. అప్పటి నుంచి మా దగ్గర ఎవరూ ఏ పొరపాటూ బయటికి చెప్పడం లేదు.

రెండు బస్సుల అమ్మ:

అక్కా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అయినా 24 గంటలు తీసేస్తే నేను ఉద్యోగం మానుకోవాల్సిందే.

నాది కాంట్రాక్టు పోస్టు. ఉండేది ఇబ్రహీంపట్నంలో. మాల్ దాకా ఒక బస్సు, మల్లేపల్లికి ఇంకో బస్సు, దిగినాక ఆటో. పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర. ఇప్పుడు నెలకు పది సార్లు పోతే అయిపోతుంది. షిఫ్టులు పెడితే ఇరవై ఐదు సార్లు. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ దిగిన ఆడమనిషికి ఆ ఊరి నుంచి బస్సు ఎక్కడుంది? క్వార్టర్ పేరుకు ఉంది. తలుపుకు గడియ లేదు, పైన పెచ్చులూడుతున్నాయి. జీతం రెండు నెలలకోసారి వస్తే నేను అక్కడ ఇల్లు అద్దెకు తీసుకోగలనా?

ఆ రెండు రోజుల్లోనే మా అత్తమ్మను ఆస్పత్రికి తీసుకుపోవడం, పిల్లల బడి, అన్నీ. షిఫ్టులు కావాలనేది దగ్గర్లో ఇల్లున్నవాళ్లే. ఈ మాట నీకు కోపం తెప్పించినా నిజం.

జడ్చర్ల సి-షిఫ్ట్:

నేను మందుల కంపెనీలో ఆపరేటర్‌ను. రిలీవర్ రాకపోతే మిషన్ ముందు పదహారు గంటలు నిలబడ్డ రోజులున్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు, దాటితే రెండింతల కూలి అని రాశారు. కాంట్రాక్టోడి కింద ఉన్నోడికి అది కాగితమే.

అక్కా, ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. పీహెచ్‌సీలో ప్రతి రాత్రీ కేసులుండవు కదా. పడుకునే వీలుంటుంది. మాకు అదీ లేదు.

నిద్రలేని సిస్టర్:

తప్పేం లేదు తమ్మీ. నెలలో చాలా రాత్రులు కేసు ఉండదు, నడుం వాలుస్తాను. కానీ చెవి గేటు మీదే ఉంటుంది. కుక్క మొరిగినా, ఆటో చప్పుడైనా లేచి కూర్చుంటాను. చంటిపిల్ల పక్కన తల్లి పడుకున్నట్టు, అది నిద్ర కింద లెక్కకు రాదు. కేసు వచ్చేది ఏ రాత్రో ముందు తెలియదు కదా. ఆ బుధవారం పొద్దున నాకు తెలిసి ఉంటే ముందు రోజే కడుపునిండా పడుకునేదాన్ని.

నాగర్‌కర్నూల్ డాక్టర్:

సిస్టర్స్, ముందు లెక్క చూద్దాం. వారానికి 168 గంటలు. ముగ్గురికి పంచితే తలకు 56. షిఫ్టును 8 గంటలు చేయండి, 12 చేయండి, 24 చేయండి, మనుషులు ముగ్గురే అయితే 56 తగ్గదు. ఒకరు సెలవు పెడితే మిగతా ఇద్దరికీ 84.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రచురించాయి. వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55, ఆపైన చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని తేల్చారు. మన పీహెచ్‌సీ నర్సు రోస్టర్‌లోనే ఆ గీత దాటేసింది. నాలుగో నర్సును ఇస్తే 42కు దిగుతుంది. అసలు అడగాల్సింది అదీ.

24 గంటలు ఒకే బిగిన చేయడం గురించి కూడా చెప్తాను. 1997లో ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష చేశారు. 17 గంటలు మేలుకున్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితనానికి సమానంగా పడిపోయింది. 24 గంటలకు అది 0.10 దగ్గరికి పోయింది. మన దేశంలో 0.03 దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు. జాతీయ రహదారి మీద స్కూటర్ నడపనివ్వని స్థితిలో ఉన్న చేతికి మనం సిరంజి ఇస్తున్నాం.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు 36 గంటలు చేశాను. "మేమూ చేశాం, మాకేం కాలేదు" అనేవారు సీనియర్లు. ఏమైందో ఎవరూ లెక్క రాయలేదు కాబట్టి ఏం కాలేదు అనుకున్నాం.

అమ్రాబాద్ అంచు:

నేను డాక్టర్ను కాదు. నా భార్య కాన్పుకు పెద్దాస్పత్రిలో రెండు రాత్రులు వరండాలో కూర్చున్నవాణ్ని. అక్కడ షిఫ్టులే ఉన్నాయి. పొద్దున ఒక సిస్టర్, మధ్యాహ్నం ఇంకొకరు, రాత్రి మరొకరు. పొద్దున వచ్చినామె బీపీ గోలీ ఇచ్చింది. రాత్రి ఆమెకు ఆ సంగతే తెలియదు, మళ్లీ ఇవ్వబోయింది. నేను నోరు తెరిచాను కాబట్టి ఆగింది. చదువురాని మా అమ్మ ఒక్కతే ఉంటే?

ఒకే మనిషి మొదటి నుంచి చివరి దాకా ఉంటే మాకు ధైర్యంగా ఉంటుంది. షిఫ్టులు పెడితే అన్నీ బాగైతాయని నేను నమ్మను.

నాగర్‌కర్నూల్ డాక్టర్:

అన్నా, మీరు చెప్పింది పెద్ద విషయం. మనిషి మారిన ప్రతిసారీ ఏదో ఒకటి జారిపోతుంది. అమెరికాలో సర్జరీ ట్రైనీల మీద 2016లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, డ్యూటీ గంటల నియమాలు సడలించిన చోటా, గట్టిగా పాటించిన చోటా రోగుల ఫలితాలు ఒకేలా ఉన్నాయి. 2004లో బోస్టన్‌లో మాత్రం, 24 గంటలు దాటిన డ్యూటీల్లో ఇంటర్న్‌లు తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువ చేశారని తేలింది. రెండూ నిజమే.

అప్పగింతకు మందు ఉంది. తొమ్మిది ఆస్పత్రుల్లో, డ్యూటీ మారేటప్పుడు ఏ వరుసలో ఏం చెప్పాలో నేర్పించి, కాగితం మీద రాయించారు. 2014లో ఫలితం వచ్చింది. నివారించగలిగే హాని 30 శాతం తగ్గింది. అదనంగా పెట్టిన టైమ్ కూడా పెద్దగా ఏం లేదు.

రిటైర్డ్ సూపర్‌వైజర్:

ముప్పై ఏళ్లు ఈ శాఖలో చేశాను. అమ్మా, మెమో వచ్చిందని బాధపడుతున్నావు. మెమో లేకపోతే భయం ఉండదు, భయం లేకపోతే పని జరగదు. డ్యూటీలో ఫోన్ చూస్తూ కూర్చునేవాళ్లను నేను నా కళ్లతో చూశాను.

నిద్రలేని సిస్టర్:

మేడమ్, ఫోన్ చూస్తూ రోగిని పట్టించుకోనివాళ్లకు మెమో ఇవ్వండి, నేను అడ్డం రాను. నాది వేరు. తప్పు దాచుకున్నదానికి కాదు, చెప్పినదానికి మెమో వచ్చింది. ఇప్పుడు ఇంకో నర్సు చెయ్యి ఆ ట్రేలోకే పోతే మీ దాకా ఆ సంగతి రాదు.

రెండు బస్సుల అమ్మ:

డాక్టర్ సార్ లెక్క చూసి మా ఆయనకు కూడా చూపించాను. 56 అని మాకు ఎప్పుడూ తట్టలేదు, రెండు రోజుల సెలవే కళ్లకు కనిపించేది.

నాలుగో నర్సు వస్తే, క్వార్టర్‌కు గడియ, నీళ్లు పెట్టిస్తే 12 గంటల చొప్పున రెండు రోజులు అక్కడే ఉండి చేసి రావడానికి నేను సిద్ధం. మధ్యలో 12 గంటలు పడుకోవచ్చు, బస్సు ఖర్చూ పెరగదు. కానీ రోస్టర్ మా నలుగురినీ కూర్చోబెట్టి వేయాలి. సోమవారం వాట్సాప్‌లో ఫొటో పెట్టి మంగళవారం నుంచి అమలు అంటే మాత్రం నేను మళ్లీ 24 గంటలే కావాలంటాను.

నిద్రలేని సిస్టర్:

చెల్లీ, నువ్వు చెప్పినట్టు 12 గంటలు, రెండు రోజులు అంటే నాకూ సమ్మతమే. మా దగ్గర ఇంకా ముగ్గురమే.

ఆయమ్మ చెప్తే దేవరకొండ సంతలో ఎర్ర మూత డబ్బా ఒకటి కొన్నాను. మెథర్జిన్ అందులోకి మార్చి, ఫ్రిజ్ తలుపు అరలో పెట్టి, మూత మీద "బీపీ చూశావా?" అని మార్కర్‌తో రాశాను. కొత్తగా వచ్చిన సిస్టర్ నిన్న రాత్రి ఫోన్ చేసి, ఈ డబ్బా ఎవరు పెట్టారక్కా, ఎందుకు అని అడిగింది. నేనే పెట్టానని చెప్పి, ఆ బుధవారం సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను.