మా గ్రంథాలయంలో 'ది హిందూ' ఆపేద్దామంటున్నారు. మీరేమంటారు?

లంక రైతుబిడ్డ:
అంబాజీపేట దగ్గర మా ఊరు. గ్రంథాలయంలో పేపర్లు ఊరి చందాలతోనే వేయిస్తాం. ఈ ఏడాది చందాలు సరిగా రాలేదు, ఒక పేపరు తగ్గించక తప్పదు. కమిటీలో సగం మంది ఇంగ్లీషు పేపరు తీసేద్దామంటున్నారు. నాదీ అదే మాట. డబ్బు ఒక్కటే కారణం కాదు. ఆ పేపరు మద్రాసులో, మద్రాసు వాళ్ల కోసం పుట్టింది. కాలవకి నీళ్లు రాకపోయినా, కొబ్బరికాయ ధర పడిపోయినా మనం తిరగేసేది తెలుగు పేపరు జిల్లా పేజీయే కదా. ఇంగ్లీషుది చదివేది గ్రూప్సుకీ సివిల్సుకీ తయారయ్యే పిల్లలు నలుగురు. వాళ్లు కూడా ఎడిటోరియల్ బ్లేడుతో కోసుకుపోతారు. మధ్యాహ్నం వెళ్లినవాడికి నడిమధ్య కిటికీ ఉన్న పేపరు దొరుకుతుంది. దానికి ఊరి సొమ్ము దేనికి?

ప్లీడరు గుమస్తా, రాజమండ్రి:
ఆపుకుంటే ఆపుకోండి గానీ "మద్రాసు వాళ్ల కోసం" అనకండి. మద్రాసు హైకోర్టుకి తొలి భారతీయ జడ్జిగా ముత్తుస్వామి అయ్యర్‌ని వేస్తే అక్కడి తెల్లవాళ్ల పేపర్లు నానా మాటలూ అన్నాయి. తిరిగి జవాబు చెప్పడానికి మనవాళ్ల చేతిలో పేపరు లేదు. అప్పుడు ఇద్దరు పంతుళ్లు, నలుగురు లా విద్యార్థులు కలిసి, రూపాయి ముప్పావలా అప్పు చేసి, 1878 సెప్టెంబరు 20న 80 కాపీలు అచ్చు వేయించారు. మొదట వారపత్రిక, 1889లో దినపత్రిక అయింది. ఆ నలుగురు విద్యార్థుల్లో ఒకరు న్యాపతి సుబ్బారావు పంతులు గారు. తర్వాత మా రాజమండ్రి వచ్చి ప్లీడరీ పెట్టి, ఇక్కడే పెద్దమనిషి అయ్యారు. ఆంధ్రభీష్మ అన్నది ఆయన్నే. 1914లో బెజవాడ ఆంధ్ర మహాసభకి అధ్యక్షత వహించిందీ ఆయనే. మరి ఆ పేపరులో మన వాటా లేదని ఎలా అంటారు?

లంక రైతుబిడ్డ:
ఆయన మీద గౌరవం ఉందండి. కానీ అదే సుబ్బారావు గారు తెలుగువాళ్లకి ఏదన్నా అందించాలనుకున్నప్పుడు ఏం చేశారు? రాజమండ్రి నుంచి 'చింతామణి' నడిపించి, తెలుగులో నవలల పోటీలు పెట్టించారు. అంతకు ముందే, 1874లోనే, వీరేశలింగం గారు 'వివేకవర్ధని' పెట్టారు. ఇక్కడి జనాన్ని కదిలించింది తెలుగు పత్రికలు. ఇంగ్లీషు పేపరు అర్జీ లాంటిది, దొర చదవాలని రాసేది. దొర భయపడింది మాత్రం దేశభాషలకే. 1878లోనే వర్నాక్యులర్ ప్రెస్ చట్టం తెచ్చి ఇంగ్లీషు పేపర్లకి మినహాయింపు ఇచ్చాడు, చూసుకోండి.

ప్లీడరు గుమస్తా, రాజమండ్రి:
ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించలేదండి. కాబట్టి ఈ కేసులో చెల్లదు.

ఆత్రేయపురం పూతరేకు:
చట్టం చెల్లకపోయినా రైతుబిడ్డ గారి పాయింటు చెల్లుతుంది. 'ది హిందూ' పెట్టిన ఆ ఇద్దరు పంతుళ్లలో ఒకరు జి. సుబ్రహ్మణ్య అయ్యర్. ఇన్నేళ్లు ఇంగ్లీషులో సర్కారుని దులిపేస్తే ఏమీ కాలేదు. 1908లో ఆయన్ని రాజద్రోహం కింద అరెస్టు చేసింది తన తమిళ పత్రిక 'స్వదేశమిత్రన్' రాతలకి! అదే ఏడు మన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు బెజవాడ తెలుగు 'స్వరాజ్య' వల్ల జైలుకెళ్లారు. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ నుంచి అంతకుముందు ఏడు గెంటేసింది కూడా ఆయన్నే. బిపిన్ చంద్రపాల్ 1907లో రాజమండ్రి వచ్చి ఇంగ్లీషులో దంచేస్తే, చిలకమర్తి వారు తెలుగులో చెప్పాకే కదండీ జనానికి ఎక్కింది!

అయినా నేను ఆపొద్దనే అంటాను. ఎవరైనా కారణం చెబితే బాగుండు, నాకు చెప్పడం రావట్లేదు.

యానాం అల్లుడు:
నేను చెబుతా. మా అత్తారిది యానాం. పాలన అంతా పాండిచ్చేరి నుంచి. తెలుగు పేపరు జిల్లా పేజీలో యానాం ఎమ్మెల్యే గారి శాలువా ఫొటో వస్తుంది, పాండిచ్చేరి అసెంబ్లీ బడ్జెట్ గురించి రెండు ముక్కలు రావు. అక్కడి పేపర్లు తమిళం. మా మామగారికి తమిళం రాదు. ఇక మిగిలింది ఇంగ్లీషు పేపరేనండి, ఆయ్.

పాత కంట్రిబ్యూటర్:
కొన్నాళ్లు ఒక తెలుగు పత్రికకి మండల కంట్రిబ్యూటర్‌గా చేశాను. పేరు అనవసరం. జీతం ఉండదు, లైన్ అకౌంటు. ఎంత వార్త పడితే అంత డబ్బు, చాయ్ ఖర్చుకి సరిపోతుంది. అసలు టెన్షన్ యాడ్స్ టార్గెట్‌తో. సంక్రాంతికి, ఆగస్టు పదిహేనుకి ఎవరి గుమ్మం ఎక్కాలో లిస్టు ఉంటుంది. ఒకసారి రొయ్యల చెరువుల మురుగు పంటకాలవలోకి వదిలేస్తున్నారని రాశాను. వార్త డెస్కుకి చేరిన గంటలో నాకు ఫోను. ఆ చెరువు మాకు పండక్కి పావు పేజీ యాడ్ ఇచ్చే ఆయనది. వార్త పడలేదు. కాలవ నీళ్లలో పశువుని కడిగితే దానికి దురద పట్టి గుంజకి రాసుకుంటోంది, ఆ ఫొటో కూడా పంపాను. అదీ పోయింది.

అదే సంగతి కాకినాడలో ఉండే ఇంగ్లీషు పేపరు విలేకరికి చెప్పాను. జిల్లా మొత్తానికి ఆయనొక్కడే. మా మండలంలో ఆయనకి యాడ్ ఇచ్చేవాడూ లేడు, పొమ్మనేవాడూ లేడు. వచ్చి చూసుకుని రాశాడు. ఆయన మహా ధైర్యవంతుడనీ, నేను పిరికివాణ్ణనీ కాదు సుమండీ, ఆయనకి ఇక్కడ మొహమాటాలు లేవంతే.

పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అప్పుడు కూడా, 1995లో మంట 65 రోజులు మండిందే, ఊళ్లో ఎవరి కొబ్బరిచెట్లు మాడాయో తెలుగు పేపర్లలో చూసేవాళ్లం, బావి దగ్గర అసలేం జరుగుతోందో ఇంగ్లీషు పేపరులో వెతుక్కునేవాళ్లం. నాకు రెండూ కావాల్సి వచ్చాయి.

లంక రైతుబిడ్డ:
ఇంగ్లీషులో పడ్డాక ఆ చెరువు సంగతేమైంది?

పాత కంట్రిబ్యూటర్:
అధికారులు వచ్చి శాంపిళ్లు పట్టుకెళ్లారు. కొన్ని నెలలు మురుగు ఆగింది. తర్వాత మామూలే.

లంక రైతుబిడ్డ:
అదీ సంగతి. 2011లో కోనసీమలో మేం క్రాప్ హాలిడే పెట్టి సార్వా మానేస్తే అన్ని భాషల పేపర్లలోనూ వచ్చింది. మోహన్ కందా గారి కమిటీ వేశారు. మా పొలం పక్క డ్రెయిన్‌లో గుర్రపుడెక్క ఇప్పటికీ అలాగే ఉంది. ఢిల్లీకి తెలియడం వేరు, మురుగు దిగడం వేరు.

ప్లీడరు గుమస్తా, రాజమండ్రి:
డ్రెయిన్ పూడిక తీయడం పేపరు పనా? అలాగైతే తెలుగు పేపర్లు కూడా ఆపేయండి, అవి రోజూ రాస్తున్నాయిగా!

గ్రూప్స్ పిల్ల, పి.గన్నవరం:
అంకుల్, బ్లేడు అందరికీ అంటగట్టకండి. మేం ఫోన్లో ఫొటో తీసుకుంటాం. ఆన్‌లైన్‌లో చదువుకోమంటారు, దానికీ చందా కట్టాలి. టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌లు దొంగ సరుకు. ఇంకో మాట, మీ గ్రంథాలయంలో తెలుగు పేపర్లు ఎన్ని వేయిస్తున్నారు? జిల్లా పేజీల్లో ఒకే ప్రెస్‌మీట్ అన్నిట్లో వస్తుంది కదా. వాటిలో ఒకటి తగ్గించొచ్చుగా?

లంక రైతుబిడ్డ:
నాలుగు. తగ్గించొచ్చమ్మా. కానీ ఒకటి ఆపితే ఆ పార్టీవాళ్లు రచ్చబండ మీద కూర్చుంటారు, రెండోది ఆపితే ఈ పార్టీవాళ్లు చందా వెనక్కి అడుగుతారు. ఇంగ్లీషు పేపరు కోసం ఊళ్లో ఎవరూ గొడవపడరు.

ఆత్రేయపురం పూతరేకు:
అయితే మద్రాసు, దొర, 1878 ఇవన్నీ ఎందుకండీ తవ్వించారు? తగువు వస్తుందని భయం అని ముందే చెబితే సరిపోయేది.

లంక రైతుబిడ్డ:
భయం కొంత ఉంది. అయినా ఆ పేపరు మనది కాదన్న మాట నేను వెనక్కి తీసుకోవట్లేదు. ఆదివారం కమిటీ ఉంది, కంట్రిబ్యూటర్ గారు చెప్పింది అక్కడ చదువుతాను.

గ్రూప్స్ పిల్ల, పి.గన్నవరం:
ఊరి డబ్బు వద్దంటే మా బ్యాచ్ సగం చందా వేసుకుంటుంది. మిగతా సగం కమిటీ పెడుతుందేమో అడగండి. బ్లేడు ఎవరిదో కూడా మేమే పట్టుకుంటాం.