వరండా రెయిలింగ్ స్తంభాలు: పైనుంచి బిగించాలా, పక్క నుంచా?

కొత్త ఇంటి వరండాకు రెయిలింగ్ చేయించాలి. ముందు వైపు 6 మీటర్లు, రెండు పక్కలా 2 మీటర్ల చొప్పున. వరండా నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో ఉంది, పైకప్పు లేదు కాబట్టి వాన నేరుగా పడుతుంది. స్లాబ్ మందం 125 మి.మీ. టైల్స్ ఇంకా వేయలేదు, అందుకే ఇప్పుడే తేల్చుకోవాలి.

టైల్ మీది నుంచి 1050 మి.మీ. ఎత్తు, నిలువు కడ్డీల మధ్య సందు 100 మి.మీ. లోపు అనుకున్నాం. అడ్డ కడ్డీలు వద్దు, పిల్లలు నిచ్చెనలా ఎక్కేస్తారు. స్తంభాల మధ్య దూరం 1.2 మీటర్లకు మించదు. మెట్ల దారికి ఒక ఖాళీ వదిలితే మొత్తం 10 స్తంభాలు.

అసలు చిక్కు బిగింపు దగ్గరే. బేస్‌ప్లేటు (స్తంభం అడుగున ఉండే ఇనుప పలక) పైనుంచి బిగిస్తే ప్రతి బోల్టు రంధ్రమూ వాటర్‌ప్రూఫింగ్ పొరను చీలుస్తుంది. పైగా అంచుకు దగ్గరగా ఎక్స్‌పాన్షన్ బోల్టు వేస్తే, అది విచ్చుకునే ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులూడవచ్చు. పక్క నుంచి బిగిస్తే నీటి బెడద తక్కువ. కానీ 125 మి.మీ. మందంలో రెండు బోల్టుల మధ్య 60 మి.మీ. కంటే పెద్దగా దొరకదు. పైన ఎవరైనా ఆనుకుంటే ఆ లాగుడంతా పై బోల్టు మీదే పడుతుంది. కెమికల్ యాంకర్లు (రంధ్రంలో జిగురులాంటి రసాయనం నింపి అతికించే బోల్టులు) దీన్ని తట్టుకుంటాయా? లేక అంచు వెంట కాంక్రీటు దిమ్మె పోసి, వాటర్‌ప్రూఫింగ్‌ను దాని మీదికి ఎక్కించి, స్తంభాలు అక్కడ నిలబెట్టడం మేలా?

ఇంకొకటి. మైల్డ్ స్టీల్ పైపులకు వెల్డింగ్ అంతా పూర్తిచేశాకే గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా జింక్ పూత), ఆ తర్వాత పౌడర్ కోటింగ్ అనుకుంటున్నాం. మూలల దగ్గర సైట్‌లో వెల్డింగ్ చేస్తే జింక్ కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. బోల్టు జాయింట్లు పెడితే కాలక్రమంలో ఊగుతాయా?