క్షారత పడిపోతోంది, కాల్షియం పెరుగుతోంది: మోతాదు ఎలా సరిచేయాలి?

మాది 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం, ఎక్కువగా గట్టి పగడాలే. కాల్షియం కోసం కాల్షియం క్లోరైడ్, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) కోసం సోడియం కార్బొనేట్ ద్రావణాలను రోజూ సమానంగా పోస్తున్నాను. అయినా క్షారత 8.5 నుంచి 7 డీకేహెచ్‌కు (క్షారతను కొలిచే ప్రమాణం) దిగింది, కాల్షియం మాత్రం 480 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని) దాటింది. మెగ్నీషియం 1320 పీపీఎం, లోపం అక్కడ లేదనుకుంటున్నాను.

పగడాలు అస్థిపంజరం కట్టుకునేటప్పుడు 2.8 డీకేహెచ్ క్షారతకు సుమారు 20 పీపీఎం కాల్షియమే వాడుకుంటాయి కదా, మరి ఈ తేడా ఎక్కడిది? నీళ్లు మార్చేటప్పుడు కలిపే ఉప్పులోనే కాల్షియం ఎక్కువగా ఉందా? లేక రెండు ద్రావణాల గాఢత సరిపోలడం లేదా?

కాల్షియం ఆపేసి, కార్బొనేట్ ఒక్కటే పోద్దామనుకుంటున్నాను. క్షారతను రోజుకు ఎంతవరకు పెంచవచ్చు? కొమ్మల పగడం ఇప్పటికే పాలిపోతోంది, దాన్ని పోగొట్టుకుంటానేమోనని చాలా దిగులుగా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.